విన్నందుకు ఫీజు

మా రోజుల్లో కథ చెప్పినవాళ్లకు పైసలిచ్చేవాళ్లం. ఒగ్గు పూజారులు వచ్చి తెల్లవార్లూ ఎల్లమ్మ కథ చెప్తే బియ్యం పోసి, పైసలు చేతిలో పెట్టి, కడుపునిండా తినిపించి పంపేవాళ్లం. ఇప్పుడు కాలం తలకిందులైంది. మన కథ మనమే చెప్పుకోవాలి, విన్నవాళ్లకు పైసలివ్వాలి. గంటకు పదిహేను వందలట. ఆ గంట కూడా నిండు గంట కాదు, యాభై నిమిషాలు. మిగతా పది నిమిషాలు ఏ గంగలో కలుస్తాయమ్మా అంటే, "నేను రాసుకోవాలి గదా తాతా" అంటుంది మా మేనకోడలి బిడ్డ. హైదరాబాద్‌లో కౌన్సెలర్ ఆ పిల్ల. ఒక గది, రెండు కుర్చీలు, ఒక పూలకుండీ, కళ్లు తుడుచుకోవడానికి పేపరు రుమాళ్ల డబ్బా. యంత్రం లేదు, మందు సీసా లేదు. ఇదేం వైద్యమే అని అడిగితే, "నేను కథలతో పనిచేస్తా" అన్నది.

కథలతో పనిచేయడం మాకు నేర్పుతుందా అని నాకు ఒళ్లు మండింది. ఎందుకు మండిందో చెప్పాలంటే నా కొలువు సంగతి చెప్పాలి.

నేను బ్రాంచి పోస్టుమాస్టరుగా చేసేవాణ్ని. జగిత్యాల దిక్కు ఒక పల్లె. మా ఇంటి ముందరి అర్రే పోస్టాఫీసు. అప్పట్లో మమ్మల్ని ఈడీలు, అంటే ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్ వాళ్లు, అనేవాళ్లు. పని డిపార్ట్‌మెంటుది, మేం మాత్రం డిపార్ట్‌మెంటు మనుషులం కాదు. 2001లో గ్రామీణ డాక్ సేవక్ అని పేరు మార్చారు. పేరొచ్చింది గానీ పింఛను రాలేదు. ఆ ముచ్చట ఎత్తుకుంటే ఈ వ్యాసం అటే కొట్టుకుపోతుంది, వదిలేద్దాం.

ఆ ఊళ్లో ఇంటికొక్కడు దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉండేవాడు, కాకపోతే భీవండి మగ్గాల మీద ఉండేవాడు. ఇంటి దగ్గర ఆడవాళ్లు బీడీలు చేసేవాళ్లు. చదువు వచ్చినవాళ్లు తక్కువ. టపా సంచి కట్టి పంపించిన తర్వాత మధ్యాహ్నం పూట ఒక్కొక్కరే వచ్చేవాళ్లు ఉత్తరం రాయించుకోవడానికి. వచ్చిన మనిషి ఉత్తరం సంగతి మొదలే ఎత్తదు. గడప మీద కూర్చుంటుంది. బర్రె ఈనిన ముచ్చట చెప్తుంది. అత్త ఏమన్నది, ఆడబిడ్డ ఏం ఎత్తుకపోయింది, వడ్డీకిచ్చినాయన బజార్ల నిలబెట్టి ఎట్ల అడిగిండు, అన్నీ వస్తాయి. కొంగుతో ముక్కు తుడుచుకుంటుంది. కాసేపు ఊరకుంటుంది. అప్పుడంటుంది: "ఇవన్ని రాయకు సారూ. అందరం మంచిగున్నం, నువ్వు పైలం అని రాయి."

రాసిన తర్వాత చదివి వినిపించాలి. అది అసలు పని. తన మాటలు నా నోట వింటుంటే ఆమె మొహం మారిపోయేది. వేరే ఎవరి సంగతో విన్నట్టు వినేది. "గా మాట తీసెయ్యి సారూ, గట్లంటే ఆయన దిగులు పడ్తడు," అనేది ఒకతె. "గట్ల గాదు, నేను ఏడ్వలే, కోపంల ఉన్న, కోపమనే రాయి," అనేది ఇంకొకతె. ఒక్క మాట మార్చడానికి ఉత్తరమంతా తిరగరాయించిన వాళ్లున్నారు. పోస్టు కార్డుకు పదిహేను పైసలు. రాసినందుకు, చదివినందుకు, తిరగరాసినందుకు ఏమీ లేదు. సీతాఫలాల కాలమైతే నాలుగు సీతాఫలాలు.

ఇదంతా ఆ పిల్లకు చెప్పాను, నీ విద్య మాకు కొత్త కాదని తెలియాలని. ఆ ఊపులో ఒకామె సంగతి కూడా చెప్పాను. మొగుడు మస్కట్ పోయాడు. పైసలు రావడం లేదు. యాసంగి వరి పొట్ట మీద ఉండగా బావి మోటారు కాలిపోయింది. ఈమె బీడీ పైసలు తీసి, పక్క ఊరి నుంచి మెకానిక్‌ను పిలిపించి, వైండింగ్ చేయించి, నీళ్లు పారించింది. ఉత్తరంలో ఆ మాట రాయనా అంటే, "అదేం ముచ్చట సారూ, అది రాయకు. పైసలు లెవ్వు, పంపుమని రాయి," అన్నది. ఆమె చెప్పినట్టే రాశాను. చెప్పింది రాయడమే నా పని.

ఆ పిల్ల చేతిలో చాయ్ గ్లాసు కింద పెట్టింది. "తాతా, ఆ మోటారే అసలు కథ. నేనైతే అక్కడనే ఆగుతా. మోటారు కాలిన రాత్రి నువ్వేం చేసినవ్? మొదలు ఎవలను లేపినవ్? చేతిల ఉన్న పైసలు దాని మీద పెట్టేటందుకు ధైర్యం ఎట్లొచ్చింది? మీ అమ్మగారింట్ల గిట్ల ఉండేటోళ్లు ఎవలన్న ఉన్నరా? నువ్వు గిట్ల చేసినవని వింటే వాళ్లు ఏమంటరు? ఇవన్ని అడుగుతా" అన్నది.

నాకు తోచలేదా అంటే తోచేది కాదు, అది నా పని కాదు. తన పని అదే అంటుంది. ఈ విద్యకొక పుట్టుక ఉన్నది. ఆస్ట్రేలియాలో అడిలైడ్ అనే ఊరిలో మైకేల్ వైట్ అని ఒకాయన, న్యూజిలాండ్‌లో డేవిడ్ ఎప్‌స్టన్ అని ఇంకొకాయన, ఇద్దరూ కుటుంబాలతో పనిచేసేవాళ్లు. 1990లో కలిసి పుస్తకం రాశారు. వాళ్లు చెప్పేదేమిటంటే, కష్టంలో ఉన్న మనిషి తన బతుకును ఒకే ఒక్క కథగా చెప్పుకుంటాడు. 'నాది దరిద్రపు జాతకం', 'నాతోటి ఏదీ కాదు', ఇట్లాంటిది. ఆ కథలో ఇమడని సంగతులన్నీ చిన్న ముచ్చట్లని తీసి పక్కన పడేస్తాడు, మోటారు ముచ్చట పడేసినట్టు. పక్కన పడ్డవాటిని ఏరి, వాటి గురించే గుచ్చి గుచ్చి అడిగి, ఆ మనిషి చేతనే రెండో కథ కట్టించాలి. కౌన్సెలర్ కథ చెప్పకూడదు, కట్టకూడదు. అడగాలి.

ఇంకో సంగతి విన్నాక మాత్రం నాకు నిజంగానే కడుపు రగిలింది. ఎప్‌స్టన్ తన దగ్గరికి వచ్చి పోయినవాళ్లకు ఉత్తరాలు రాసేవాడట. వాళ్లు అన్న మాటలే, వాళ్లు వాడిన పలుకులే ఎత్తి రాసి, తపాలాలో పంపేవాడు. వాళ్లు ఇంట్లో కూర్చొని తమ మాటలు తామే చదువుకోవాలి. దాని మీద వ్యాసాలు, శిక్షణలు, పెద్ద పేరు. ఈ ముచ్చట వింటుంటే నాకు మా గడప, ఆ సీతాఫలాలు గుర్తొచ్చాయి.

గుట్టు సంగతి కూడా చెప్పాలి. ఆ పిల్ల తన దగ్గరికి వచ్చేవాళ్ల పేరు చెప్పదు, ఊరు చెప్పదు, ఆడో మగో కూడా చెప్పదు. ఏదైనా ముచ్చట చెప్పినా వివరాలు మార్చేసే చెప్తుంది, ఏది మార్చిందో అడిగితే నవ్వుతుంది. ఇందులో నేను తప్పు పట్టను. ఉత్తరం విప్పకూడదని మాకు 1898 నాటి పోస్టాఫీసు చట్టం ఉండేది. విప్పి చదవమని వాళ్లే ఇచ్చినదాన్ని నోట్లో దాచుకొమ్మని ఏ చట్టమూ చెప్పలేదు. అది మా ఇంటి పరువు. ఊళ్లో సగం కాపురాలు నా నాలుక మీద ఉండేవి.

ఇంతకూ మా రోజుల్లో వినడానికి ప్రత్యేకంగా ఒక మనిషి ఉండేవాడు కాదు. పని జరుగుతుంటే అందులోనే వినడం జరిగిపోయేది. మా దిక్కు బీడీలు చేసే వాకిళ్లు చూసినవాళ్లకు తెలుస్తుంది. పొద్దున్నే నలుగురైదుగురు ఒక అరుగు మీదకు చేరేవాళ్లు. తునికాకు తడి గుడ్డలో చుట్టి పెట్టుకొని, ఒడిలో చాట, చాటలో తంబాకు. రేకు కొలత పెట్టి ఆకు కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, కొస మడిచి దారం కట్టడం. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. చేతులు వాటంతటవే తిరుగుతుంటాయి, కళ్లు చాటలో ఉంటాయి. ఒకరి మొహం ఒకరు చూసుకోనక్కర లేదు. అందుకే ఎంత మాటైనా బయటికి వచ్చేది. కొత్త కోడలు మొదటి వారం నోరు విప్పదు. రెండో వారం మొగుడి ముచ్చట మొదలుపెడుతుంది. పక్కనున్న ముసలామె దారం కొరుకుతూ, "నా మొగడు గూడ గట్లనే ఉండె బిడ్డా, ఒకనాడు నేనేం చేసిన్నంటే..." అని ఎత్తుకుంటుంది. యాభై నిమిషాలు అయిపోయినయ్, లే అని ఎవరూ అనరు.

ఇప్పుడు పోయి చూడండి. బీడీలు చేసేవాళ్లే తగ్గారు. చేసేవాళ్లు కూడా ఎవరింట్లో వాళ్లు సీరియల్ ముందు కూర్చొని చేస్తున్నారు. చేతులు తిరుగుతున్నాయి, నోళ్లు మూతపడ్డాయి.

ఒగ్గు కథ సంగతి మొదట్లో వదిలేశాను. చుక్క సత్తయ్య లాంటి మహానుభావుల కథ విన్న చెవులివి. ఎల్లమ్మ కష్టాలు చెప్తుంటే ఆడవాళ్లు బహిరంగంగా వెక్కివెక్కి ఏడ్చేవాళ్లు. ఎందుకు ఏడుస్తున్నావని అడిగేవాడు లేడు. ఎల్లమ్మ కోసం ఏడుస్తోంది కదా! ఆమె ఎల్లమ్మ కోసమే ఏడ్చిందో, మొన్న పురిట్లో పోయిన బిడ్డ కోసమే ఏడ్చిందో ఎవరికి తెలుసు. డోలు చప్పుడులో అన్నీ కలిసిపోయేవి. తెల్లారి మొహం కడుక్కొని నాట్లకు పోయేది.

చావు పలకరింపు కూడా అట్లాగే ఉండేది. వచ్చిన ప్రతి మనిషీ "ఎట్ల జరిగింది?" అని అడగాలి. తెలిసినా అడగాలి. ఇంటామె మొదటి నుంచీ చెప్పాలి. పొద్దున లేచి చాయ్ అడిగిండు, తాగలేదు, ఛాతిల మంట అన్నడు, ఆటో పిలిచేలోగా... చివరికి వచ్చేసరికి ఏడుపు. మళ్లీ ఇంకొకరు వస్తారు, మళ్లీ మొదటి నుంచి. పట్నం పిల్లలకు ఇది హింస లాగా కనిపిస్తుంది. నేను చూస్తుండేవాణ్ని. మొదటి రోజు ముక్కలు ముక్కలుగా వచ్చిన కథ, పదకొండో రోజు నాటికి ఒక వరుసలోకి వచ్చేది. చెప్పగలిగేది. ఏడుపు వచ్చినా కథ తెగిపోయేది కాదు. ఇప్పుడు వాట్సాప్‌లో 'ఓం శాంతి' అని పెట్టేసి, చేతులు జోడించిన బొమ్మ పక్కన వేస్తున్నారు. ఇంటికి పోయినా, "ఆ సంగతి ఎత్తకండి, ఆమె బాధపడుతుంది" అని గుమ్మంలోనే చెవిలో చెప్తారు. ఎత్తకపోతే బాధపడదా? ఆరు నెలలకు ఆమెను పిల్లలే కారులో తీసుకుపోయి, డబ్బు కట్టి, ఎట్ల జరిగిందో ఒక కొత్త మనిషికి చెప్పిస్తున్నారు.

కొత్త మనుషుల సంగతీ చెప్తాను, అందరూ మా పిల్లలాంటి వాళ్లు కాదు. తెలిసిన ఒక పెద్దావిడను ఒక ఆసుపత్రికి తీసుకుపోయారు. గుండెల మీద బరువు, అరికాళ్లలో మంట, నిద్ర లేదు. ఈసీజీ బాగుంది, రక్తం బాగుంది. అప్పుడు మనసు డాక్టరు దగ్గరికి పొమ్మన్నారు. అక్కడ ఒక కుర్రవాడు తొమ్మిది ప్రశ్నల కాగితం తీశాడు. గత రెండు వారాల్లో ఎన్ని రోజులు మీకు దేని మీదా ఆసక్తి లేకుండా ఉంది? అసలు లేదా, కొన్ని రోజులా, సగం కన్నా ఎక్కువ రోజులా, దాదాపు ప్రతి రోజునా? సున్నా నుంచి మూడు దాకా మార్కులు, మొత్తం ఇరవై ఏడుకు. ఆవిడ ఆ పిల్లవాణ్ని ఎగాదిగా చూసి, "గంత లెక్క ఎవలు పెట్టుకుంటరు కొడుకా" అన్నది. ఆ కాగితం పనికిమాలిందని నేననను, ప్రపంచమంతా వాడుతున్నారు, ఎవరికి ఎంత కష్టంగా ఉందో తొందరగా పట్టుకోవడానికి పనికొస్తుందట. అడిగే తీరు ఒకటుంటుంది కదా! మూడేళ్ల కింద ఆవిడ ఉన్న పొలం రోడ్డు కిందికి పోయింది. ఆ సంగతి తొమ్మిది ప్రశ్నల్లో ఎక్కడా లేదు. మా పిల్లయితే, "ఈ మంట ఎప్పటి నుంచమ్మా, అప్పుడు ఇంట్ల ఏం నడుస్తున్నది?" అని మొదలుపెడుతుంది. మంట అంటే మంట గురించే అడుగుతుంది. 'ఇది డిప్రెషన్ అమ్మా' అని ముందే ముద్ర కొట్టదు. ముద్ర కొట్టడం పోస్టాఫీసు పని.

మా కాలం వాళ్లు దీన్ని ఇంకో తీరుగా చేసేవాళ్లు. మనిషి ముద్ద ముట్టకుండా గోడకు చూస్తూ కూర్చుంటే, వాడు సోమరి అనో పిరికివాడనో అనేవాళ్లు కాదు. గాలి సోకింది అనేవాళ్లు. దిష్టి తగిలింది అనేవాళ్లు. వాడు మంచివాడే, బయటిదేదో వచ్చి పట్టుకుంది. ఉప్పు, మిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేసేవాళ్లు. ఇంటిల్లిపాదీ ఒకవైపు, ఆ పట్టుకున్నది ఇంకోవైపు. మైకేల్ వైట్ చేసిందీ దాదాపు ఇదే. ఆయన 1984లో రాసిన ఒక కేసు ఉంది. ఆరేళ్ల పిల్లవాడు బట్టల్లోనే దొడ్డికి పోతాడు, దాన్ని గోడలకు పూస్తాడు. తల్లి తల పట్టుకుంది, తండ్రికి బయట మొహం చెల్లడం లేదు. వైట్ ఆ పిల్లవాణ్ని ఏమీ అనలేదు. ఆ జబ్బుకే ఒక పేరు పెట్టించాడు, స్నీకీ పూ అని. మా దిక్కయితే దొంగ పియ్యి అంటారు, సంపాదకులు క్షమించాలి. ఆ దొంగ ఇంట్లో ఎవరెవరిని ఎట్లా ఏడిపిస్తోంది, ఎప్పుడెప్పుడు మీరు దాని మాట వినలేదు అని ఒక్కొక్కరినీ అడిగాడు. పిల్లవాడు, తల్లి, తండ్రి ముగ్గురూ ఒక జట్టయి ఆ దొంగ మీద పడ్డారు. జబ్బు లొంగింది.

ఇది చదివి, ఇందులో కొత్తేముంది, మా అవ్వ ఉప్పు మిరపకాయలతో చేసిందే కదా అన్నాను. మా పిల్ల ఒప్పుకున్నది. ఒప్పుకొని, "మరి గాలి ఎవలు పంపిన్రని అడిగేటోళ్లు గద తాతా?" అన్నది. అడిగేవాళ్లు. అక్కడే మా కాలం పాడైంది. బయటిదేదో పట్టుకుందని ఊరుకోకుండా, దాన్ని పంపిన మనిషిని వెతికేవాళ్లు. ఆ మనిషి ఎప్పుడూ ఊరి చివర ఒంటరిగా ఉండే ముసలమ్మో, ఎవరి అండా లేని పేదవాడో అయ్యేది. పాత మెదక్ జిల్లాలో బాణామతి పేరు మీద మనుషుల పళ్లు ఊడగొట్టారు, ప్రాణాలు తీశారు. ఒకరి కథ తేలిక చేయడానికి ఇంకొకరి మెడకు కథ కట్టడం అది. వైట్ ఆ దొంగకు పేరు పెట్టాడు గానీ పక్కింటివాళ్ల పేరు పెట్టలేదు. ఈ తేడా నేను చిన్నదనను.

పురాణాల సంగతి కూడా అంతే. మా రోజుల్లో కథ చెప్పేవాళ్లకు కొదవ లేదు, వద్దన్నా చెప్పేవాళ్లు. పుట్టింటికి వాతలతో తిరిగొచ్చిన పిల్లను కూర్చోబెట్టి, సీతమ్మ పడలేదా, చంద్రమతి పడలేదా, నువ్వెంత అనేవాళ్లు. తెల్లారి బస్సెక్కించేవాళ్లు. అప్పుడు ఆ పిల్లకు సీతమ్మ కథ ఓదార్పు కాలేదు, నోటికి కుక్కిన గుడ్డ అయింది. కథ మంచిదే. చెప్పినవాడికి ఆ పిల్ల వీపు చూసే ఓపిక లేదు. ఈ రోజుల్లో ఆ పని చేసేవాళ్లు ఇంకా పెద్ద సంఖ్యలో బయలుదేరారు, వ్యక్తిత్వ వికాస ఉపన్యాసకులని. కాలేజీ హాల్లో ఐదొందల మంది పిల్లలను కూర్చోబెట్టి, నలభై ఐదు నిమిషాల్లో గీత పద్దెనిమిది అధ్యాయాలు తాగించి, చివర పాటేసి చప్పట్లు కొట్టిస్తారు. ఎవరికి ఏ కష్టముందో అడగరు. మన సంస్కృతి ప్రకారం చికిత్స అంటే ఇదే అనుకునేవాళ్లు కూడా ఉన్నారు.

దీని మీద ఆ పిల్లకూ నాకూ పెద్ద వాదనే జరిగింది. జాంబవంతుడి కథ ఉంది కదా. సముద్రపు ఒడ్డున హనుమంతుడు తన బలం తానే మరిచి మూలన కూర్చుంటే, జాంబవంతుడు వచ్చి నీ పుట్టుక ఇది, నువ్వు చిన్నప్పుడు చేసింది ఇది అని గుర్తుచేస్తాడు. చండీగఢ్‌లో పేరు పొందిన మానసిక వైద్యుడు ఎన్.ఎన్. విగ్ 2004లో దీని మీద వ్యాసం రాశాడు, హనుమాన్ కాంప్లెక్స్ అని పేరు పెట్టి. తన శక్తి మరిచిన రోగికి జాంబవంతుడి లాగా గుర్తుచేయడమే వైద్యుడి పని అని దాని సారం. ఇంత మంచి కథను మీ దగ్గరికి వచ్చే ప్రతివాడికీ చెప్పొచ్చు కదా అన్నాను. చెప్పను అన్నది. ఎవరింట్లో ఏ కథ ఉందో తెలియకుండా మన ఇంటి కథ తీసుకుపోయి వాళ్ల నెత్తిన పెట్టకూడదట. ఏకలవ్యుడి కథ గురుభక్తి కథ అని ఒక ఇంట్లో చెప్తారు, బొటనవేలు పోగొట్టుకున్న కథ అని ఇంకో ఇంట్లో చెప్తారు.

అప్పుడొక పిల్లవాడి సంగతి చెప్పింది, యథాప్రకారం వివరాలు మార్చి. ఇంజనీరింగ్ చదువుతున్నాడు. సబ్జెక్టులు మిగిలిపోయాయి. క్లాసులో ఇంగ్లీషు అర్థం కాదు, అడిగితే నవ్వుతారని అడగడు. నాకు తల లేదు మేడమ్ అంటాడు. మీ ఇంట్లో ఏ కథలు చెప్పేవాళ్లు అని అడిగింది. "మా ఇంట్ల రామాయణం లేదు మేడమ్. చిందోళ్లు వచ్చి జాంబపురాణం ఆడుతుండె." చిందు కళాకారులు మాదిగ వాడల్లో ఆడే పురాణమది. అందులో జాంబవుడు భూమికన్నా ముందు పుట్టిన పెద్ద, వాళ్ల మూలపురుషుడు. పిల్లవాడు ఆ ఆట గురించి చాలాసేపు చెప్పాడట. వేషాలు, మద్దెల, తాత పక్కన చలిలో కూర్చొని చూడడం. కొన్నిసార్లు వచ్చి పోయిన తర్వాత వాడే అన్నాడట: "హనుమంతునికి యాదిజేసింది మా తాతనే గద మేడమ్." ఈమె వెంటనే, "మరి నీకు యాదిజేసేటోళ్లు ఎవలు?" అని అడిగింది. వాడొక మనిషి పేరు చెప్పాడు. ఎవరని నేనడిగితే చెప్పలేదు. ఆ మనిషి ఈ పిల్లవాణ్ని ఎట్లా చూస్తుంది, వాడిలో ఏం చూసింది అన్నదాని మీదనే తర్వాతి మాటలన్నీ నడిచాయట. జాంబవంతుడి కథ నేను చెప్పమన్నాను. ఆమె చెప్పలేదు, వాడే చెప్పాడు. ఈ వాదనలో ఎవరు గెలిచారో చదివేవాళ్లే తేల్చుకోండి, నేను ఇంకా ఒప్పుకోలేదు.

ఒక్క చోట మాత్రం భారతం నా పక్షం నిలబడింది. అరణ్యపర్వంలో ధర్మరాజు బృహదశ్వుడనే మునిని అడుగుతాడు, నాకన్నా నిర్భాగ్యుడు ఎక్కడైనా ఉన్నాడా అని. ఆ ముని నలుడి కథ చెప్తాడు, మనకు నన్నయ గారు తెలుగులో చెప్పిన నలోపాఖ్యానమే. అందరికీ ఇంతవరకే గుర్తు. కథ అయిపోయాక ఆ ముని లేచి వెళ్లిపోడు. మళ్లీ ఎవరైనా జూదానికి పిలుస్తారేమోనని నీకు భయంగా ఉంది కదా అని, అక్షహృదయం, అంటే పాచికల కిటుకు, ధర్మరాజుకు నేర్పిపోతాడు. కథా చెప్పాలి, కిటుకూ చేతికివ్వాలి. మా పిల్ల కూడా, నిద్ర బొత్తిగా పోయినవాళ్లను, చెవిలో మాటలు వినబడేవాళ్లను, చచ్చిపోతానంటున్నవాళ్లను ముందు సైకియాట్రిస్టు దగ్గరికే పంపుతుంది. మందు పడాలి, ఆ తర్వాతనే కథలు. మా రోజుల్లో ఇది లేదు. మందు అనగానే ఎర్రగడ్డ పిచ్చాసుపత్రి అని వెక్కిరించేవాళ్లు, ఆ మాటకు భయపడి గొలుసు వేసి గొడ్ల కొట్టంలో కట్టేసిన మనుషులను నేను చూశాను. ఇప్పుడు 14416 నంబరుకు ఫోన్ చేస్తే పైసా ఖర్చు లేకుండా, పగలూ రాత్రీ తెలుగులో మాట్లాడతారు. 2022 అక్టోబరు నుంచి ఉన్నది. పోస్టాఫీసు గోడ మీద ఆ నంబరు పెద్దక్షరాలతో రాయించొచ్చు కదా. రాయించరు, ఇన్సూరెన్సు బొమ్మ వేస్తారు.

ఫీజు మాట మళ్లీ ఎత్తాను. పదిహేను వందలు పెట్టి ఎంతమంది చెప్పుకోగలరే అని. ఆ పిల్ల కోప్పడలేదు. జింబాబ్వే సంగతి చెప్పింది. డిక్సన్ చిబండా అని ఒక మానసిక వైద్యుడు. 2006లో హరారేలోని ఎంబారే అనే పేటలో పని మొదలుపెట్టాడు. దవాఖానాలో గది ఖాళీ లేదన్నారు, నర్సులకు తీరిక లేదన్నారు. పద్నాలుగు మంది అవ్వలను చేర్చుకొని, వినడం ఎట్లాగో, ఎట్లా అడగాలో నేర్పి, బయట చెట్ల కింద బెంచీలు వేయించాడు. అవ్వ బెంచీ మీద కూర్చుంటుంది, కష్టమున్న మనిషి వచ్చి పక్కన కూర్చుంటుంది. జబ్బు పేరు ఏమీ పెట్టరు, మరీ ఎక్కువ ఆలోచన పట్టుకుందని అక్కడివాళ్లు ఎట్లా అంటారో అట్లాగే అంటారు. సలహాలివ్వడం కాదు, ఆ మనిషి చేతనే దారి వెతికించాలి. 2016లో అమెరికా వైద్య సంఘం పత్రికలో దాని ఫలితాలు వేశారు, మామూలు వైద్యం అందినవాళ్లకన్నా అవ్వల బెంచీ మీద కూర్చున్నవాళ్లు ఆరు నెలలకు చాలా తేలికపడ్డారని. పదిహేను వందలూ లేవు, పేపరు రుమాళ్లూ లేవు.

అవ్వలకు మన దగ్గర కరువా! నేనుండే ఈ కూకట్‌పల్లి అపార్టుమెంటులోనే ఎంతమంది ఉన్నారు. మనవళ్లను స్కూలు బస్సెక్కించి, సాయంత్రం దించుకొని, మధ్యలో బాల్కనీలో కూర్చొని రోడ్డు చూస్తుంటారు. వాళ్లలో ఒకామె మా దిక్కుదే, బీడీలు చేసిన చేతులు, వినడంలో దిట్ట. ఎంత మాట చెప్పినా కడుపులో దాచుకుంటుంది. గేటు పక్కన వేపచెట్టు కింద ఒక బెంచీ వేయిద్దాం, సాయంత్రం ఆమె కూర్చుంటుంది, పనిమనుషులు, వాచ్‌మన్ భార్య, ఇంజనీరింగ్ పిల్లలు, ఎవరికి అవసరమైతే వాళ్లు వచ్చి పక్కన కూర్చుంటారు, వినడమెట్లాగో మా పిల్ల వచ్చి నేర్పుతుంది, ఫీజు తీసుకోదు అని అసోసియేషన్ మీటింగులో చెప్పాను. అందరూ చాలా బాగుంది అంకుల్ అన్నారు. సెక్రటరీ గారు కూడా బాగుందన్నాడు. బెంచీకి వచ్చేవాళ్ల పేరు, ఫ్లాట్ నంబరు, వచ్చిన పని గేటు యాప్‌లో ఎక్కించాలి కదా, వచ్చిన పని అన్న గడిలో ఏమని రాయమంటారు అని అడిగాడు.